దానంతట అదే ఆగిపోయింది

మార్కాపురంలో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకుందామని ఈమధ్య కొందరు కుర్రాళ్ళు సలహాకు నా దగ్గరికి వస్తున్నారు. ఏ కోర్సు చెయ్యాలి, సోల్డరింగ్ స్టేషన్ ఏది మంచిది, సామాను ఎక్కడ కొనాలి అని అడుగుతారు. అవన్నీ ఫోన్‌లో వీడియోలు చూస్తే తెలుస్తాయి గదా, నన్నెందుకు అడగడం? నేను దుకాణం మూసేశాను. కళ్ళు సహకరించడం లేదని అడిగినవాళ్ళకల్లా చెబుతున్నాను. అందులో అబద్ధం లేదు కానీ, అదొక్కటే కారణం కాదు. రెండో కారణం ఇక్కడ రాస్తున్నాను. చదివాక కూడా దుకాణం పెట్టాలనిపిస్తే పెట్టుకోండి, మీ ఇష్టం.

ముందు మా ఊరి మిషన్ల సంగతి. పలకల ఫ్యాక్టరీల దుమ్ము లేని కేబినెట్ నేను చూడలేదు. మూత తీస్తే లోపలంతా బూడిదరంగు పొర. బ్లోయర్ పెట్టి ఊదితే ఆ దుమ్మంతా మన ముక్కులోకే. మూతికి గుడ్డ కట్టుకోండి. నేను కట్టుకోలేదు, ఇప్పుడు దగ్గుతున్నాను. పల్లెల నుంచి వచ్చే మిషన్లలో గొర్రె బొచ్చు, బల్లి గుడ్లు, చీమలు ఉంటాయి. వీటితో పేచీ లేదు, ఊదితే పోతాయి. పేచీ అంతా ఆ మిషన్ మోసుకొచ్చిన మనిషితోనే. సగం రోజు స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను, మిగతా సగం రోజు మనుషులు కడుపులో దాచుకున్న మాట కోసం దేవులాడాను. నా సర్వీసంతా ఇంతే.

ఉస్తాద్ పెట్టిన రూలు

నాకు పని నేర్పింది ఖాదర్ సాహెబ్, మా ఉస్తాద్. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు చేసి, చివరికి కంప్యూటర్లకు వచ్చిన మనిషి. నేర్పింది అన్నాను గానీ, ఏళ్ళ తరబడి నాతో దుకాణం ఊడిపించాడు, టీలు తెప్పించాడు. నాకు పని చేతికి రావడం ఆయనకు ఇష్టం లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. మంచి మెకానిక్, పిసినారి గురువు. కానీ మనుషుల దగ్గర ఆయన నేర్పు ఇంకెవరికీ రాదు.

ఒకసారి ఆయుధపూజ అయిన మర్నాడు ఒక బట్టల షాపు యజమాని కంప్యూటర్ పట్టుకొచ్చాడు. కేబినెట్‌కు ఇంకా పసుపు బొట్లు ఉన్నాయి.

"ఏమో సాయిబూ, దానంతట అదే ఆగిపోయినాది," అన్నాడు.

మూత తీశాం. లోపల జిగట, కొబ్బరినీళ్ళ వాసన, బోర్డు మీద బారులు తీరిన చీమలు. పూజలో దాని ముందర కొట్టిన టెంకాయ నీళ్ళు కేబినెట్ పైన గాలి కోసం ఉన్న జల్లెడలోంచి లోపలికి కారాయి. నాకు నవ్వాగలేదు. ఉస్తాద్ మాత్రం నవ్వకుండా అతనికి టీ తెప్పించి, వానల గురించి, శనగ పంట గురించి మాట్లాడి, బోర్డు కడిగి ఆరబెట్టి పంపించాడు. అతను పోయాక నా నెత్తిన ఒకటి మొట్టి, "అరె, ఎవరు చేసినారు అని ఎప్పుడూ అడగొద్దురా. ఏమైంది అని అడుగు, చాలు. ఎవరు అని అడిగితివా, మనిషి తలుపేసుకుంటాడు. మనం బాగుచేసేది మిషన్‌ని, వాళ్ళ ఇంటిని కాదు," అన్నాడు.

ఆ రూలు పట్టుకుని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. దాని వల్ల నా దుకాణానికి గిరాకీ పెరిగింది. ఫలానా ఆయన దగ్గరికి పోతే తిట్టడు, అడగడు అని పేరొచ్చింది. మీకు పైకి చెప్పే సలహా అయితే నేను కూడా ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం అంత ధైర్యంగా చెప్పలేను.

ఓబయ్యన్న కూతురి మిషన్

పెద్దారవీడు దగ్గర పల్లెలో ఓబయ్యన్న అని ఉన్నాడు. గొర్రెలు, కాస్త మెట్టపొలం, ఒక బోరు. ఉస్తాద్ దుకాణంలో ఆయన రేడియో బాగుచేసినప్పటి నుంచీ పరిచయం. నన్ను తమ్ముడా అంటాడు. ఆయన కూతురు అనూష నన్ను చిన్నాయనా అనేది. ఆ అమ్మాయిని కొమరోలు ఇచ్చారు. భర్త నాగరాజు. ఆ వరసలో అతను నాకూ అల్లుడే. ఈ వరసలు పిలుపుకే అనుకుంటాం గానీ, సమయం వచ్చినప్పుడు మెడకు చుట్టుకుంటాయి.

అనూష గిద్దలూరులో ఒక స్టూడియోకు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి ఇచ్చేది. స్టూడియో ఆయన షూట్ చేసిందంతా డిస్కులో వేసి పంపిస్తే, ఇంట్లో కూర్చుని కత్తిరించి, పాటలు అతికించి పంపేది. మంచి చెయ్యి. నాగరాజు కూడా కంప్యూటర్ కోర్సు చేసినవాడే. హైదరాబాదులో కొన్నాళ్ళు తిరిగి ఉద్యోగం దొరక్క వచ్చేశాడు. ఇంట్లో పెళ్ళానికి పని ఉంది, తనకు లేదు. అతను చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి.

తల్లికి ఆపరేషన్ అయిందని అనూష మిషన్‌తో సహా పుట్టింటికి వచ్చింది. భార్యను చూడటానికి నాగరాజు వచ్చాడు. అతను వచ్చాక ఒక పొద్దున ఆ మిషన్ లేవలేదు. ముగ్గురూ కలిసి దాన్ని దుప్పటిలో మూటగట్టి నా దుకాణానికి తెచ్చారు.

"ఏమైందన్నా?" అన్నాను.

"ఏముంది తమ్ముడా, దానంతట అదే ఆగిపోయినాది. పొద్దున మోటార్లకు కరెంటు ఇచ్చినారు గదా, అప్పుడు ఏందో అయినట్టుంది," అన్నాడు ఓబయ్యన్న.

"సెట్టింగులు ఏమన్నా మార్చినారా?"

"ఎవురూ ముట్టుకోలేదు," అన్నాడు. నేను అడిగింది పిల్లల్ని, జవాబు చెప్పింది ఆయన.

నాగరాజు గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు. అనూష మాత్రం టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా, "చిన్నాయనా, దీంట్లో ఒక పెళ్ళి వీడియో సగంలో ఉంది. టయానికి ఇయ్యకపోతే స్టూడియో ఆయన పని వేరేవాళ్ళకు ఇస్తాడు. ఒకసారి పని పోయిందంటే మా అత్త మళ్ళీ చెయ్యనియ్యదు. ఎట్లనన్నా లేపు," అంది.

పది నిమిషాల పని

ఇది పని నేర్చుకునేవాళ్ళ కోసం. బటన్ నొక్కితే ఫ్యాను క్షణం తిరిగి ఆగింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. ఎవరూ ముట్టుకోకుండానే అట్లా తిరుగుతూ ఆగుతూ ఉంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. ఇట్లాంటిది వస్తే కంగారుపడి బోర్డు పోయిందని చెప్పకండి. గోటితో పోయేదానికి గొడ్డలి తీసేవాళ్ళు మన వృత్తిలో చాలామంది ఉన్నారు.

ముందు నా దగ్గరున్న మంచి పవర్ సప్లై తగిలించి చూశాను, అదే వరస. ర్యామ్ ముక్కలు తీసి, తుడిచి, ఒక్కటే పెట్టి చూశాను, అదే వరస. అప్పుడు వైరు పీకేసి, బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఉంటుంది, దాన్ని తీశాను. బోర్డులో మనం మార్చిన సెట్టింగులు నిలబడేది ఆ సెల్ బలంతోనే. పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, లోపల మిగిలిన కరెంటు కూడా పోనిచ్చాను. ఈ లోపల టీలు వచ్చాయి. తాగి, సెల్ మళ్ళీ పెట్టి, బటన్ నొక్కాను. తెర వెలిగింది. తేదీ ఏదో పాత సంవత్సరానికి వెళ్ళిపోయింది, అది మామూలే, దిద్దుకోవచ్చు.

అనూష, "అమ్మయ్య," అని రెండు చేతులూ మొహానికి పెట్టుకుంది.

సెల్ తీస్తే లేచిందంటే ఎవరో సెట్టింగులు కెలికారని అర్థం. చూద్దామని ఆ సెట్టింగుల్లోకి పోయాను. కొన్ని బోర్డుల్లో మనం పెట్టుకున్న సెట్టింగులను ఒక పేరుతో దాచుకునే వీలుంటుంది. సెల్ తీసినా అవి పోవు. అక్కడ ఒకటి దాచి ఉంది. ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే బాగా ఎక్కువ వేగానికి తిప్పి, దానికి తగ్గట్టు వోల్టేజీ పెంచి పెట్టారు. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వీడియో తొందరగా తయారవుతుందని స్టూడియోల వాళ్ళు అప్పుడప్పుడు చేస్తుంటారు. దాచిన సెట్టింగ్‌కు ఇంగ్లీషులో పేరు కూడా పెట్టి ఉంది: నాగరాజు.

నా పక్కనే నిలబడ్డ అనూష కూడా చదివింది.

నేను ఉస్తాద్ రూలు ప్రకారమే పోయాను. "స్పీడు పెంచినారన్నా, అందుకే లేవలేదు. ఇప్పుడు మామూలుకు తెచ్చినా. ఇంక భయం లేదు," అన్నాను. ఎవరు అని నేను అనలేదు. కానీ స్పీడు పెంచారు అన్నాక పెంచినవాడు ఒకడు ఉండాలి గదా. నాగరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే పెంచినా నాయనా," అంది అనూష. "పని బిరాన అయితాదని."

అంతే, ఓబయ్యన్న లేచాడు. "నీకు తెలీని పని ఎందుకే చేసేది? అయినోళ్ళు నీకు ఇంత మిషన్ ఇచ్చి కూర్చోబెడితే దాన్ని కాలబెడతావా? నీకు అంత తెలివి ఉందంటనే?" అని గట్టిగా అరిచాడు. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూశారు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది.

అప్పుడు నాగరాజు నోరు తెరిచాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. "పోనీలే మామా, తెలీక చేసింది," అన్నాడు.

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని టేబుల్ మీద గట్టిగా పెట్టాను. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. అల్లుణ్ణి నలుగురిలో ఒక మాట అనడం మా దగ్గర లేదు. అల్లుడు కంచం తన్నినా, కూరలో ఉప్పు తగ్గిందేమో అని అత్త బాధపడే ఇళ్ళు మావి.

ఓబయ్యన్న కోపం ఇంకా దిగలేదు. అల్లుడి ముందర అంత అరిచాక మెత్తబడితే పరువు పోతుందనుకున్నాడో ఏమో, "ఇంక ఈ మిషనూ వద్దు, ఈ పనీ వద్దు. ఈడనే పడుండనీ," అన్నాడు.

"ఆ ఒక్క పెళ్ళన్నా పూర్తి చేస్తా నాయనా..."

"చాల్లే, నడువు."

లేచి నిలబడ్డ మిషన్‌ను నా టేబుల్ మీద వదిలేసి వెళ్ళిపోయారు. దుప్పటి మాత్రం మడిచి పట్టుకుపోయారు.

తప్పు మోసే మనిషి

కొన్ని వారాలకు ఓబయ్యన్న ఒక్కడే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. టీ చెబితే వద్దన్నాడు.

"తమ్ముడా, పిల్ల ఫోన్లో మాట్లాడటం లేదు. అమ్మ ఎట్లుంది అని అడుగుతాది, పెట్టేస్తాది. ఆడ వాళ్ళత్త, సొంత చేత్తో మిషన్ చెడగొట్టుకున్నదానికి ఇంక మిషనెందుకు అని పొలానికి తోలుతాంది."

"మిషన్ చెడిపోలేదు గదన్నా. ఇదో, ఈడనే ఉంది. అదీగాక, పెంచింది ఆ పిల్ల కాదు."

"నాకు తెలీదా?" అన్నాడు. "ఆ పొద్దు తెల్లారగట్ల గొర్రెల్ని తోలబోతా కిటికీలోంచి నేనే చూసినా. అల్లుడు కూర్చోనున్నాడు దాని ముందర. పిల్ల నిద్రపోతాంది."

"మరి తెలిసీ ఆ పిల్లను అంత మాట అంటివే!"

"ఏం చెయ్యమంటావు? నేనే అని అది అనె. కాదు, నీ మొగుడే అని నేననాల్నా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇంకేం తిడతాం? అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. "నువ్వు బయటోడివి తమ్ముడా. కొమరోలుకు పోయి, తప్పు నాది, బోర్డులోనే లోపం ఉన్నింది, నేను పొరపాటుగా చెప్పినా అని ఒక్కమాట చెప్పు. అప్పుడు అల్లుడికీ నామోషీ లేదు, పిల్లకూ మాట రాదు. దాని పని దానికి వస్తాది."

బాగున్న బోర్డును పోయిందని నేను ఎప్పుడూ చెప్పలేదు. మా వృత్తిలో ఆ అబద్ధం చెప్పే దొంగలు బోలెడుమంది. దాని మీద అసహ్యంతోనే ఇన్నేళ్ళు బతికాను. అయినా ఆ పిల్ల తల వంచుకున్న తీరు గుర్తొచ్చి సరేనన్నాను.

మిషన్‌ను బస్సులో పెట్టుకుని గిద్దలూరు మీదుగా కొమరోలు వెళ్ళాను. వాకిట్లో మంచం వేశారు. నాగరాజు, వాళ్ళమ్మ, పక్కింటివాళ్ళు చేరారు. అనూష గుమ్మం దగ్గర నిలబడింది. చదువుకొచ్చిన పాఠంలా చెప్పేశాను: లోపం బోర్డులోనే ఉంది, స్పీడు పెంచినందుకు కాదు, నేనే పొరపాటుపడ్డాను, సరిచేసి తెచ్చాను, ఎవరి తప్పూ లేదు.

"చూస్తిరా!" అంది వాళ్ళమ్మ చుట్టూ చూసి. "మా పిల్లోళ్ళు ఎందుకు చేస్తారు? రిపేరోళ్ళంతా ఇంతే. ఏమనుకోవద్దన్నా, ఉన్నమాటే అంటాండా."

నాగరాజు ముఖం వికసించింది. "అట్లయితే స్పీడు వల్ల కాదా మామా?" అన్నాడు, రెండుసార్లు. కాదన్నాను, రెండుసార్లూ.

అనూష నా వైపు చూసింది. మెచ్చుకుంటుందేమోనని నేనూ చూశాను. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను. స్టూడియో ఆయన మంచివాడు, పాత పని ఆలస్యమైనా ఇంకో పెళ్ళి పంపించాడని తర్వాత తెలిసింది. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను, దాచేదేముంది.

ఆ దాచిన సెట్టింగ్‌ను మాత్రం నేను చెరపలేదు. కస్టమర్ పెట్టుకున్నది ఏదీ అడక్కుండా చెరపకూడదన్నది కూడా ఉస్తాద్ రూలే.

రెండోసారి

నడి ఎండాకాలంలో అనూష ఒక్కతే వచ్చింది. చంకలో దుప్పటి మూట. దుకాణంలో జనం ఉన్నారు. పలకల ఫ్యాక్టరీ గుమస్తా ఒకడు, ప్రింటర్ కోసం వచ్చినవాళ్ళు ఇంకొందరు. మూట టేబుల్ మీద పెట్టింది. విప్పకముందే కాలిన వాసన వచ్చింది.

అలవాటు కొద్దీ అడిగాను, "ఏమైందమ్మా?"

"మా ఆయన స్పీడు పెంచినాడు," అంది. గొంతు తగ్గించలేదు. "పోయినసారి కూడా ఆయనే పెంచినాడు. దానంతట అది ఆగిపోలేదు."

జనం మాటలు ఆపి ఇటు తిరిగారు. ఇన్నేళ్ళ నా దుకాణంలో జరిగింది జరిగినట్టు చెప్పిన మొదటి మనిషి ఆ అమ్మాయి.

"మళ్ళీ ఎందుకు పెంచినాడమ్మా?" అన్నాను.

"మీరే చెప్పినారు గదా, స్పీడు వల్ల కాదని. బోర్డు సరిచేసినాక ఇంక భయం లేదు అనుకున్నాడు. ఈసారి ఇంకా ఎక్కువ పెంచినాడు. నాకు సాయం చేద్దామనే చేసినాడు. నేను ఆయన్నేం అనలేదు."

నేను మూత తీశాను. ప్రాసెసర్ పక్కన బోర్డు నల్లగా కమిలి ఉంది. ఫ్యానులో బొచ్చు లేదు, దుమ్ము లేదు, శుభ్రంగా పెట్టుకుంది పాపం. చూస్తేనే తెలుస్తోంది, అయినా సెల్ తీశాను. బటన్ నొక్కిపట్టి, కాసేపు ఆగి, సెల్ పెట్టి, మళ్ళీ నొక్కాను. ఫ్యాను కదల్లేదు. ఇంకోసారి తీసి పెట్టాను. గుమస్తా జాలిగా చూస్తున్నాడు. ఇంకా ఎందుకు తీసి పెడుతున్నానో నాకే తెలియదు. నిజం చెప్పిన మొదటి మనిషి వస్తే, బాగుచెయ్యడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"డిస్కు బాగుంటాదా?" అని అడిగింది.

విప్పకుండానే వేరే మిషన్ కేబుల్ తగిలించి చూశాను. బాగానే ఉంది. పెళ్ళికూతురు పీటల మీద కూర్చుని ఉంది, తలంబ్రాల దగ్గర ఆగిపోయి ఉంది వీడియో.

"ఇంకో బోర్డు చూస్తాలేమ్మా. నా దగ్గర పాతది ఒకటి ఉంది, అదన్నా బిగిస్తా. నాకేం ఇయ్యొద్దు," అన్నాను.

"వద్దు. డిస్కు తీసి ఇయ్యండి సార్, చాలు."

సార్ అంది. చిన్నాయనా అనలేదు. నాకు నాలుగు స్క్రూలు విప్పడానికి చాలాసేపు పట్టింది. పేపర్లో చుట్టి ఇస్తే సంచిలో టిఫిను బాక్సు పక్కన పెట్టుకుంది. గిద్దలూరు పోయి, స్టూడియోలోనే కూర్చుని ఈ ఒక్కటి పూర్తి చేసి ఇస్తానని అడుగుతానంది. వాళ్ళు ఇప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారంట, అయినా అడిగి చూస్తానంది. "మీ నాయనకు చెప్పినావామ్మా?" అంటే, "ఆయనకు అన్నీ తెలుసు సార్," అని మెట్లు దిగిపోయింది. ఎండలో బస్టాండు వైపు పోతుంటే ఆ మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

నేను వెనక్కి తిరిగేసరికి గుమస్తా తన కేబినెట్‌ను టేబుల్ మీదికి జరిపాడు. దాని పైన ఏదో కారి ఎండిన మరక ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమో అన్నా, దానంతట అదే ఆగిపోయినాది."

మూత మీద పెట్టిన చెయ్యి తీసేశాను. "పో. ఆఫీసుకు పోయి, ఎవరు ఏం చేసినారో కనుక్కోని రాపో. అంతదాకా నేను ముట్టుకోను," అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, కేబినెట్ భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.